రెండు సంతకాలు దొరక్క కూలిన మూల

సంపాదకులకు నమస్కారం.

వచ్చే నెల మా సంఘం సర్వసభ్య సమావేశం ఉంది, అందుకే ఈ ఉత్తరం. పాత మండపాలు, కోనేర్లు, వీరగల్లులు (పోరులో పోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) కాపాడుకుందామని తిరుపతిలో కొందరం కలిసి పెట్టుకున్న చిన్న స్వచ్ఛంద సంఘం మాది. జీతాలు లేవు, ఆఫీసు లేదు. తొమ్మిదేళ్లు నేనే కార్యదర్శిగా ఉన్నాను కాబట్టి కింద రాసే తప్పుల్లో నా వాటా కూడా ఉంది.

చంద్రగిరి రాజమహల్‌కి, గుడిమల్లం పరశురామేశ్వరుడి గుడికి కేంద్ర పురావస్తు శాఖ ఉంది. వాటి చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి లేకుండా కట్టకూడదు. మరి ఊరి బయట వేపచెట్టు కింద ఒరిగిపోయిన వీరగల్లుకి ఎవరున్నారు? ఏ జాబితాలోనూ లేని వాటికి మాలాంటి సంఘాలే దిక్కు, ఆ సంఘం కమిటీ నిద్రపోతే ఇక అడిగేవాళ్లే ఉండరు.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు. మేం చూసుకుంటున్న ఒక మండపం పైకప్పులో రావిమొక్క వేరు దూరి, రాతిబండల మీద వేసిన పాత సున్నం గచ్చు పగిలింది, ఆ సందులోంచి నీళ్లు లోపలికి కారుతున్నాయి. పెద్ద టార్పాలిన్ పట్ట కప్పి, ఈశాన్య మూలకి రెండు దుంగలు ఆనిస్తే ఆ వారం గడిచిపోయేది. సంఘం ఖాతాలో డబ్బుంది. కానీ చెక్కు మీద అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. అధ్యక్షుడు బెంగళూరులో కూతురి దగ్గర ఉన్నారు, రోడ్లు తెగిపోయి రాలేకపోయారు, కోశాధికారి వేలూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. మేం నలుగురం వానలో తడుస్తూ ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసి పట్ట కొనేసరికి మూడు రోజులు పట్టింది. మూడో రాత్రి ఆ మూల కూలింది. పొద్దున పోయి చూస్తే స్తంభం బురదలో బోర్లా పడి ఉంది, దాని మీద చెక్కిన ఏనుగు తొండం విరిగి పక్కన ఉంది. ఆ ముక్కని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మూడో మనిషికి సంతకం అధికారం ఇద్దామని నేను అంతకుముందే అడిగి ఉండాల్సింది. అధ్యక్షుడు పెద్దాయన, నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను.

ఇంకో చోట ఒక దాత సిమెంటు బస్తాలు ఇస్తానంటే కమిటీలో ఎవర్నీ అడక్కుండా మావాళ్లొకరు ఫోన్లోనే సరే అనేశారు. పాత ఇటుక గోడకి గానుగ సున్నమే వాడాలి, అది చెమ్మని బయటికి పోనిస్తుంది, సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకని తినేస్తుంది. ఈ సంగతి మా బేల్దారి మేస్త్రికి తెలుసు, ఆయన్ని అడిగినవాళ్లే లేరు. మేం పోయేసరికి పునాది రాతి మీదున్న తమిళ శాసనం రెండు వరుసలు సిమెంటు కిందికి పోయాయి, ఇప్పుడు ఉలి పెడితే అక్షరాలూ లేచిపోతాయని భయం.

కాగితాల సంగతి కూడా ఇంతే. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు తిరుమల తిరుపతి దేవస్థానం శాసనాల మీద తయారుచేసిన రిపోర్టు 1930లోనే అచ్చయింది, కావాల్సినవాళ్లు తీసి చదువుకోవచ్చు. మేం తడి కాగితం అద్ది, సిరా కొట్టి తీసిన శాసన నకళ్లు మాత్రం ఒకరి ఇంట్లో మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి, ఆ ఇల్లు తాళం వేసి ఉంటే అంతే సంగతులు.

2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. మా కాగితాల్లో అంతకంటే ఎక్కువ పేర్లే ఉన్నాయి, మీటింగుకి వచ్చేది ముగ్గురు. ఆదివారం పూట కోనేటి మెట్ల మీద పిచ్చిమొక్కలు పీకేది కాలేజీ పిల్లలు, వాళ్లలో ఒక్కరికీ పదవి లేదు. వాళ్లలో ఒకమ్మాయి ఒకసారి, "సార్, లెక్కల పుస్తకం చూడొచ్చా?" అని మర్యాదగానే అడిగింది. నీకెందుకమ్మా అన్నారు పెద్దలు. నేను అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. ఆ అమ్మాయి అయినా మానకుండా తర్వాతి ఆదివారం పారతో వచ్చింది.

పెద్దాయన్ని దించేస్తారా అని కొందరు ఇప్పటికే ఫోన్లు చేస్తున్నారు. ఆయన సొంత డబ్బు ఎంత పెట్టారో నాకు తెలుసు, సంఘం పుట్టిందే ఆయన వల్ల. ఆయన సలహాదారుగా ఉండాలి, ఏ పనికైనా ముందు ఆయన్ని అడగాలి. కానీ అధ్యక్ష పదవి ఎవరికైనా రెండుసార్లు చాలు. బ్యాంకులో ముగ్గురి సంతకాలు ఇచ్చి, ఏ ఇద్దరివి ఉన్నా చెల్లేలా రాయించాలి, దానికి ఒక తీర్మానం, ఒక ఫారం కావాలి, అంతకంటే ఏం లేదు. సంఘం లెక్కలు ప్రతి సభ్యుడూ చూడగలగాలి. దాత ఎంత పెద్దవాడైనా, కమిటీ వాళ్లు స్వయంగా పోయి చూడకుండా ఏ కట్టడం మీదా చేయి వేయనివ్వకూడదు.

నేను ఈసారి పోటీ చేయను. నా దగ్గరున్న మినిట్స్ పుస్తకాలు రెండూ, ఆ ఏనుగు తొండం ముక్కతో సహా, ఆ రోజు తెచ్చి బల్ల మీద పెడతాను. కోశాధికారిగా ఆ అమ్మాయి పేరు ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఒక సభ్యుడు కావాలి, ఈ ఉత్తరం చదివినవాళ్లలో మా సభ్యులు ఉంటే దయచేసి ఆ రోజు రండి.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద సంఘం కార్యదర్శి, తిరుపతి