నాబు తిప్పితే రేడియోలో మారేది ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో రేడియోపై వచ్చిన వ్యాసం విద్యార్థులకు ఉపయోగపడేదే గానీ, నాబు తిప్పగానే సెట్టులోని అన్ని దశలూ స్టేషన్ పౌనఃపున్యానికి మారతాయన్న మాట సూపర్‌హెటరోడైన్ సెట్లకు వర్తించదు. పక్కపక్క స్టేషన్లను విడదీసే అసలు పని ఆ స్థిర పౌనఃపున్యం మీద నడిచే ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) విభాగానిది. దాన్ని మన నాబు తాకనే తాకదు. తయారీలోనే 455 కిలోహెర్ట్జ్‌కు సరిచేసిన ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు కదలకుండా ఉంటాయి, కావలసిన స్టేషనే వాటి దగ్గరికి దిగివస్తుంది.

837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ ఆకాశవాణి వినాలంటే సెట్టులోనే ఒక తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ 1292 దగ్గర పనిచేయాలి. రెండూ మిక్సర్‌లో కలిసినప్పుడు వాటి తేడా అయిన 455 పుడుతుంది. పాటైనా వార్తలైనా దాని మీదే ముందుకు సాగుతాయి. అయితే రెండు తరంగాలను ఊరికే కూడితే ఈ తేడా రాదు. ఒకదానితో మరొకదాన్ని గుణించిన ఫలితం వచ్చేలా ట్రాన్సిస్టర్‌ను పనిచేయించాలి. వ్యాసం వదిలేసిన కీలకాంశం ఇదే.

ఆసిలేటర్‌ను స్టేషన్‌కు పైనే ఎందుకు ఉంచుతారన్నదీ చెప్పవలసింది. 531 నుంచి 1602 దాకా ఉన్న మీడియం వేవ్‌కు అది 986 నుంచి 2057 వరకు, అంటే రెట్టింపుకు కాస్త ఎక్కువగా, తిరిగితే చాలు. పౌనఃపున్యం ఎన్ని రెట్లు మారాలో దాని వర్గమంత కెపాసిటీ మారాలి కనుక, నాబుతో తిరిగే గ్యాంగ్ కండెన్సర్ కెపాసిటీ నాలుగున్నర రెట్ల లోపే మారితే సరిపోతుంది. కిందికి పెడితే 76 నుంచి 1147 దాకా పోవాలి, అందుకు కెపాసిటీ రెండు వందల రెట్లకు పైగా మారాలి. అలాంటి గ్యాంగ్ ఎవరు చేసిస్తారు?

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. 1747 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఏదైనా ఉంటే అదీ 1292తో కలిసి 455నే ఇస్తుంది, ఐఎఫ్‌కు రెండింటి తేడా తెలియదు. దాన్ని గుమ్మంలోనే ఆపవలసినవి ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ రాడ్ మీది తీగచుట్ట, దానికి జతచేసిన గ్యాంగ్‌లోని రెండో భాగం.

నమ్మకం కుదరనివారు రాత్రిపూట రెండు పాత ట్రాన్సిస్టర్ సెట్లను దగ్గరగా పెట్టి, ఒకదాన్ని 1300కు కాస్త ఇవతల సన్నగా వినిపించే ఏ స్టేషన్ మీదైనా ఉంచి, రెండోదాని నాబును విజయవాడ పరిసరాల్లో మెల్లగా తిప్పి చూడవచ్చు. మొదటి సెట్టులో ఈల మొదలై, శ్రుతి దిగి, మాయమై, మళ్లీ పైకి లేస్తుంది; అది రెండో సెట్టు ఆసిలేటర్ నుంచి బయటికి పొక్కుతున్న సిగ్నలే. ఒకే చిప్‌తో నడిచే నేటి డిజిటల్ సెట్లలో ఐఎఫ్ 455 కాక వేరే ఉంటుంది కనుక, వాటితో ఈ లెక్క కుదరదు.

భవదీయుడు,
ఒక రేడియో మెకానిక్, విజయవాడ