నీళ్లొచ్చే రోజునే డ్రై డే పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలవగానే మా పట్టణంలో సాయంత్రం పూట ఫాగింగ్ బండి తిరగడం మొదలైంది. పొగ వాసన రాగానే వీధిలో అందరం తలుపులు, కిటికీలు వేసుకుంటాం. డెంగ్యూ దోమ దాక్కునేదేమో మంచం కింద, కొక్కేనికి తగిలించిన బట్టల వెనక. పొగ వీధిలో, దోమ ఇంట్లో. అయినా ఆ మందు ఎగిరే దోమకు తగిలితేనే పనిచేస్తుంది, నీళ్లలో పెరిగే దాని పిల్లల్ని ఏమీ చేయలేదు. డెంగ్యూ కేసు తేలిన ఇంటి చుట్టూ ఫాగింగ్ చేయాల్సిందే, కాదనను. కానీ వార్డు మీటింగు జరిగినప్పుడల్లా 'మా వీధికి బండి ఎప్పుడొస్తుంది' అన్న ఒక్క ప్రశ్నే వినిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కిందటి సెప్టెంబరులో మా అబ్బాయికి డెంగ్యూ వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. రోజూ ప్లేట్‌లెట్ల రిపోర్టు చేతికొచ్చే దాకా పడిన టెన్షన్ ఏ తల్లికీ వద్దు. ఇంటికి తిరిగొచ్చిన రోజే టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా వెతికాను. బాత్రూమ్ పక్కన రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములో లైటు వేయగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. ఫ్రిజ్ వెనక ట్రేలోనూ అవే. ఇన్నేళ్లూ దోమలన్నిటికీ ఎదురుగా ఉన్న మురుగు కాలవే కారణమని తిట్టుకుంటూ వచ్చాం. కాలవలో పెరిగేవి వేరే రకం. డెంగ్యూ దోమ ఎక్కువగా పెరిగేది మనం పట్టి పెట్టుకున్న మంచి నీళ్లలోనే.

ఆ డ్రమ్ము నీళ్లు కొన్ని గాజు సీసాలో పోసి, మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టి క్లాసులో బల్ల మీద పెట్టాను. ఐదో రోజుకు పురుగులు కామా గుర్తులా వంకర తిరిగాయి. ఏడో రోజు పొద్దున చూస్తే సీసా లోపలి గోడకు నాలుగు దోమలు వాలి ఉన్నాయి, నల్లటి కాళ్ల మీద తెల్లటి పట్టీలతో. 'మా తొట్లో కూడా ఇవే ఉన్నాయి టీచర్' అని ఎనిమిది మంది పిల్లలు చేతులెత్తారు.

వాళ్ల ఇళ్లలో తొట్లు ఎందుకున్నాయో మున్సిపాలిటీ వారికి తెలియనిది కాదు. మా వైపు కుళాయి నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బిందెలు నింపుకోకపోతే ఇల్లు గడవదు. వారానికోసారి నీళ్ల తొట్లన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే మాత్రం అందరికీ శుక్రవారమే. గురువారం రాత్రి నీళ్లొచ్చాయనుకోండి, శుక్రవారం పొద్దున ఆశా కార్యకర్త వచ్చి తొట్టి ఖాళీ చేయమంటే ఎవరు చేస్తారు? 'ఈ నీళ్లు పారబోస్తే సోమవారం దాకా నువ్వు తెచ్చి పోస్తావా తల్లీ' అని మా పక్కింటి పెద్దమ్మ అడిగేసింది. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ అడిగినదాంట్లో తప్పూ లేదు.

నేను కోరేది ఒక్కటే. డ్రై డేని శుక్రవారానికి కాకుండా ఏ వీధికి ఆ వీధి నీళ్ల టర్నుకు ముడిపెట్టండి. కుళాయి రాబోయే రోజు డ్రమ్ము ఎలాగూ అడుగంటే ఉంటుంది. మిగిలిన రెండు చెంబుల నీళ్లు మొక్కలకు పోసి, కొబ్బరి పీచుతో లోపలి గోడ చుట్టూ గట్టిగా రుద్దడానికి పది నిమిషాలు చాలు. రుద్దకుండా వట్టిగా వంపేస్తే లాభం లేదు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీళ్ల అంచుకు కాస్త పైన, గోడకు అంటుకునేలా. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. గుడ్డు దోమ కావడానికి మన ఎండలకు వారం నుంచి పది రోజులు పడుతుంది. ప్రతి టర్నుకూ డ్రమ్ము రుద్దే ఇంట్లో దానికి అంత గడువు దొరకదు.

నింపాక మూత ఉండాలి. పైభాగం కోసేసిన డ్రమ్ములకు మూతలుండవు కాబట్టి మేం పాత నేత చీర రెండు మడతలు వేసి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కడుతున్నాం. గుడ్డ జారి నీళ్లకు తగలకుండా చూసుకోవాలి. ఖాళీ చేయలేని సంపులకు, నీళ్లలోని దోమ పిల్లల్ని చంపడానికి సిబ్బంది తెచ్చే అబేట్ మందు ఉంది. కానీ తాగే నీళ్లలో పురుగుమందు ఏమిటని జనం భయపడుతున్నారు. తాగే నీళ్లలో వాడటానికి తగిన రకం ఏదో, ఎంత మోతాదు వేస్తున్నారో గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెబితే చాలామంది ఒప్పుకుంటారు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టాలకు జాలీ కట్టించడం, కట్టడం ఆగిపోయిన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నిలిచిన నీళ్లు తోడించడం మాత్రం మున్సిపాలిటీ పట్టుదలగా చేయించాలి. అవి మాలాంటి వాళ్లం చెబితే అయ్యేవి కావు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టారు. ఏటా ఆ రోజు పిల్లల చేతికి అట్టలిచ్చి ర్యాలీ తీస్తాం. ఈసారి మా స్కూల్లో ర్యాలీకి ముందు స్కూలు ట్యాంకు, చేతులు కడుక్కునే తొట్టి పిల్లలతో కలిసి మేమే రుద్దాలని అనుకున్నాం. డెంగ్యూ దోమ కుట్టేది ఎక్కువగా పగలే, పగలు చాలాసేపు పిల్లలు మా దగ్గరే ఉంటారు మరి.

నీళ్లు ఏ వీధికి ఏ రోజు వదలాలో వాల్వు తిప్పే మనిషికి ముందే తెలుసు. ఆ సంగతి పొద్దున వచ్చే చెత్త బండి మైకులో చెప్పించవచ్చు: 'ఈ వీధికి రేపు నీళ్లు, అవి వచ్చేలోపు డ్రమ్ములు రుద్దుకోండి' అని. దీనికి కొత్తగా మనుషులూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. కమిషనర్ గారు ముందు ఒక్క వార్డులో మూడు నెలలు చేయించి చూడాలని మనవి. ఆ వార్డు మాదే అయితే ఇంటింటికీ తిరిగి చెప్పడానికి మా పదో తరగతి పిల్లలు, నేను సిద్ధంగా ఉన్నాం.

- ఒక ఉపాధ్యాయురాలు