జెయింట్ వీల్ ఇకపై 8 తొట్టెలతోనే తిరుగుతుంది

మైపాడు దారిలోని మన పార్కుకు ఏళ్ల తరబడి వస్తున్న వారందరికీ నమస్కారం. దసరా ముందు ఆపిన జెయింట్ వీల్ సంక్రాంతి సెలవులకు మళ్లీ తిరుగుతుంది, కానీ దానికి ఇదివరకటి 16 తొట్టెలు ఉండవు, 8 మాత్రమే ఉంటాయి. ఇది తాత్కాలిక ఏర్పాటు కాదు. దాన్ని పాత ఇనుముకు అమ్మేసి టోరా టోరా లాంటి మరో ఆటయంత్రం పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు కనుక, జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత.

నాన్నగారు ప్రారంభించిన నాటి పార్కులో ఇప్పుడు మిగిలింది తక్కువే. అద్దాల గది తాటాకు పందిరి నుంచి రేకుల షెడ్డుకూ, ఉప్పుగాలికి ఆ రేకులు చిల్లులు పడ్డాక స్లాబుకూ మారింది. రంగులరాట్నంలో కొయ్య గుర్రాలు పోయి ఫైబరు గుర్రాలు వచ్చాయి. 2021 నవంబరులో పెన్న పొంగిన తర్వాత పిల్లల రైలు పట్టాలను తీసివేసి, అక్కడ చీమకుర్తి రాయి పరిపించాము. జెయింట్ వీల్ ఒక్కటే ఆయన నిలబెట్టిన చోట నిలబెట్టినట్టే ఉంది.

ఈసారి తనిఖీలో ఇంజినీరు దాని ఇరుసుకు ఎర్రని ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి చల్లగా, బేరింగు కూర్చునే చోటికి పక్కనే వెంట్రుకంత ఎర్రని గీత తేలింది. అది పగులు. ఆ క్షణమే చక్రాన్ని ఆపించాను. కొత్త ఇరుసు కోసం పొరుగు రాష్ట్రంలోని ఒక వర్క్‌షాపుకు కొలతల పటంతో సహా అడ్వాన్సు పంపితే, గడువు దాటిన ఎంతో కాలానికి వచ్చిన ఇరుసు మీద, బలంగా బిగించి ఎక్కించవలసిన బేరింగు చేత్తో నెడితేనే జారిపోయింది, అంటే ఆ చోట ఇరుసు ఉండవలసిన దానికన్నా సన్నగా ఉంది. వెల్డింగుతో నింపి లేతు మీద తిప్పి ఇస్తామనీ, ఊళ్లో పార్కుకు అది చాలుననీ వారు ఫోనులో అన్నారు. బరువు మోస్తూ తిరిగే ఇరుసుకు అలా వెల్డింగు నింపితే, దాని పక్కనున్న ఉక్కు వేడికి పెళుసుబారి మరో పగులుకు చోటిస్తుంది. నెల్లూరు పిల్లల ప్రాణాలు ఏ మహానగరపు పిల్లల ప్రాణాలకూ తీసిపోవు. ఆ ఇరుసును తిప్పి పంపాను. అడ్వాన్సు నేటికీ తిరిగి రాలేదు. వేరేచోట చేయించి, పరీక్షించాకే ఎక్కించాము.

అసలు మథనం ఆ తర్వాత మొదలైంది. ఇరుసు కొత్తదే అయినా, ఇన్నేళ్ల ఉప్పుగాలిని తట్టుకున్న కాళ్ల మీద భారం తగ్గించడం మంచిదని ఇంజినీరు చెప్పారు. తొట్టెలు సగమైతే ఆదాయమూ సగమవుతుంది, పండుగ రోజుల్లో వరుస గేటు దాటుతుంది. ఇంట్లోవారు కూడా అమ్మేయమనే అన్నారు. ఇలాంటి పాత చక్రాల విషయంలో రెండు దారులు కనిపించాయి. 1893లో షికాగో ప్రదర్శన కోసం ఫెర్రిస్ అనే ఇంజినీరు నిర్మించిన 264 అడుగుల చక్రాన్ని 1906లో పేల్చి తుక్కు చేశారు. వియన్నాలో 1897లో నిలబెట్టిన చక్రం 1944లో కాలిపోతే, ఆ ఊరివారు దాన్ని 1947లో 30 పెట్టెలకు బదులు 15 పెట్టెలతో మళ్లీ తిప్పారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. నేను ఈ రెండో దారిని ఎంచుకున్నాను. ఎవరు ఏమన్నా ఈ నిర్ణయాన్ని మార్చుకోను.

తూకం చెడకుండా ఒకటి విడిచి ఒకటి చొప్పున తొట్టెలు తీయించాము. టికెట్టు ధర పెంచడం లేదు. రద్దీ ఉన్నప్పుడు టికెట్టు మీద సమయం వేసి ఇస్తాము కనుక, ఎండలో నిలబడనక్కరలేదు. సముద్రపు గాలి పెరిగితే వరుసలో ఎందరున్నా చక్రాన్ని ఆపి డబ్బు తిరిగి ఇస్తాము. అప్పుడు దయచేసి ఆపరేటరుతో వాదించవద్దు. పరీక్షా పత్రం టికెట్ల గది గోడ మీద ఉంటుంది, పగులు పట్టిన పాత ఇరుసును చూడాలనుకునేవారు నన్ను అడిగితే నేనే స్వయంగా చూపిస్తాను.