డయాలసిస్ రోగుల అరికాళ్లనూ పరీక్షించండి

సంపాదకునికి నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బు ప్రస్తావన వచ్చినప్పుడల్లా తాగునీరు, క్రియాటినిన్, డయాలసిస్ పడకల దగ్గరే చర్చ ఆగిపోతోంది. రోగుల నరాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అరికాళ్లలో నిప్పులు పోసినట్టుందని, రాత్రిళ్లు కాళ్లు కదపకుండా పడుకోలేకపోతున్నానని మా అన్నయ్య మొత్తుకుంటే, రక్తం తక్కువై వచ్చిన నీరసమని ఇంటిల్లిపాదీ చాన్నాళ్లు సరిపెట్టుకున్నాం.

మూత్రపిండాలు బయటికి పంపలేని మలినాల్లో యూరియా ఒకటి మాత్రమే. అలా ఒంట్లో మిగిలిపోయే మరో రకం మలినాలైన గ్వానిడిన్ జాతి పదార్థాలు మెదడు కణాలను శాంతపరిచే గాబా సంకేతాలను అడ్డుకుని, ఉద్రేకపరిచే సంకేతాలను పెంచుతాయి. జబ్బు ముదిరినవారిలో కనిపించే తికమకకు, మూర్ఛకు ఇదొక కారణం. పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే ఇండోల్ కాలేయంలో ఇండాక్సిల్ సల్ఫేట్ అనే హానికర పదార్థంగా మారి, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది కనుక డయాలసిస్ వడపోతకు అంతగా చిక్కదు. పైగా ఒక డయాలసిస్‌కూ మరోదానికీ నడుమ పెరిగే పొటాషియం, నరం పొరకు ఇరువైపులా ఉండవలసిన విద్యుత్ వ్యత్యాసాన్ని తగ్గిస్తుంది. పాదాలకు వెళ్లే నరాలే ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి కాబట్టి దెబ్బ మొదట అక్కడే తెలుస్తుంది. యూరియా అంకె తగ్గిందని రిపోర్టు చూసి సంతోషించే మాబోటివారికి ఇదంతా ఎవరు చెప్పాలి?

నేను కోరేది ఖర్చుతో కూడినది కాదు. మధుమేహ రోగులకు వాడే 128 హెర్ట్జ్ శ్రుతిదండం (కంపనం తెలుస్తోందో లేదో చూసే ట్యూనింగ్ ఫోర్క్), చర్మానికి ఆనించి చూసే నైలాన్ పోగు ఉంటే డయాలసిస్ కేంద్రంలోని నర్సులే కొద్ది నిమిషాల్లో పాదాల స్పర్శను పరీక్షించవచ్చు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభించిన కిడ్నీ పరిశోధన కేంద్రం ఇందుకు ఒక పద్ధతి రూపొందించి, జిల్లాలోని డయాలసిస్ కేంద్రాలన్నిటికీ పంపితే బాగుంటుంది. కిడ్నీ మార్పిడి తర్వాత చాలామందిలో నరాలు కోలుకుంటాయి గానీ, బాగా చెడిపోయాక ఆ అవకాశం తగ్గుతుంది.

మంటలు తగ్గడానికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ మందులు కూడా మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మామూలు మోతాదు ఇస్తే రోగి మత్తులో జోగుతాడు, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు జబ్బే ముదిరిందనుకుంటారు. చీటీ లేకుండా వీటిని మందుల దుకాణాల్లో అమ్మకుండా చూడాలని, డయాలసిస్ రోగి చేతిపుస్తకంలో వీటి మోతాదు రాయడానికి ఒక గడి ఉంచాలని ఆరోగ్య శాఖకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా