గళ్ళు చివర చూడు చిన్నా

గ్లాస్గో
ఆదివారం రాత్రి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. ఎడింబరోలో టూరిస్టులు తిరిగే రాయల్ మైల్ వీధిలో 45 పౌండ్లకి కిల్టు, అదే, ఇక్కడ స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ బట్ట, పైన బెల్టు ఫ్రీ. "బాగుందా అమ్మా?" అన్నావు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కొట్టుకి వెళ్ళేటప్పుడు ఈ కాగితం జేబులో పెట్టుకెళ్ళు.

ఆ ఫోటోలోది మీ నాన్న పాత కిల్టుకి సొంత తమ్ముడిలా ఉంది. మేము ఈ ఊరొచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన పెళ్ళికి పిలిస్తే, మీ నాన్న టూరిస్టుల కొట్లో ఒకటి కొనుక్కొచ్చారు. జీన్స్ ప్యాంటు నడుం కొలత చెప్పి తెచ్చేశారు. లుంగీ కట్టినట్టు బొడ్డు కిందకి కట్టారు. కింద అంచు మోకాళ్ళు దాటి పిక్కల మీదకొచ్చింది. కిల్టుకి ముందు పెట్టే ఆ పెద్ద పిన్ను రెండు పొరలకీ కలిపి గుచ్చేశారు, చర్చిలో కూర్చోగానే చర్రుమంది. ఆ పిన్ను పైపొరకే పెట్టాలని మాకెవరు చెప్పారు? పెళ్ళిలో ఒక్కరూ నవ్వలేదు. ఆయనకి అదే ఎక్కువ బాధ.

ఆ రాత్రి నేను దాని లోపల్నించి ఒక పోగు లాగి గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. చీరాలలో మీ అమ్మమ్మ పట్టుచీర కొన్నా అంతే, కొంగు చివర పోగు లాగి అగ్గిపుల్ల గీసేది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే అసలు పట్టు. ఉన్ని కూడా అంతే. మీ నాన్న కిల్టు పోగు మాత్రం కరిగి నల్లటి పూసై గడ్డకట్టింది. ప్లాస్టిక్ కంపు. అక్రిలిక్ అన్నమాట, ఉన్నిలా కనపడే కృత్రిమ దారం. నువ్వు కొట్లో అగ్గిపుల్ల గీయకు, బయటికి గెంటుతారు. కిల్టు కుట్టేవాళ్ళ దగ్గర గుడ్డముక్కల పుస్తకం ఉంటుంది. నూటికి నూరు పాళ్ళు, గట్టిగా మెలిపెట్టిన నున్నటి దారంతో నేసిన వర్స్‌టెడ్ ఉన్ని చూపించమను.

తర్వాత బరువు అడుగు. ఇక్కడ బట్టని గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. 10, 11 ఔన్సులది పల్చన. కుచ్చిళ్ళు నిలవవు, గాలొస్తే నీ పరువూ నిలవదు. 13 ఔన్సులది మధ్యస్తం, నీ ఫ్రెండ్ పెళ్ళి జూన్లో కదా, డాన్సులకి అదే హాయి అంటారు. నన్నడిగితే 16. బరువైన బట్ట కిందకి జారి నిలబడుతుంది, నడిచినప్పుడు వెనక కుచ్చిళ్ళు ఊగి మళ్ళీ వాటి చోటికి అవే వస్తాయి. చెమట పడుతుందని నువ్వు గొణుగుతావని తెలుసు. సరే, 13కి ఒప్పుకుంటాను. అంతకన్నా దిగకు.

"ఎనిమిది గజాల కిల్టు" అనే మాట వింటావు. పెద్ద పన్నా బట్ట నాలుగు గజాలు తీసుకుని, పొడుగునా రెండుగా కోసి అతుకుతారు, అలా ఎనిమిది గజాలు. మన చీర కన్నా పొడుగు! అదంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది. నాలుగైదు గజాలతో కుట్టినవీ ఉన్నాయి, చవక, తేలిక. మంచిది ఒక్కటే కొనుక్కోదలిస్తే ఎనిమిదే తీసుకో.

కింద అంచు తిప్పి చూడు. మడిచి కుట్టి ఉంటే వదిలేసి వచ్చెయ్. మంచి కిల్టుకి కింద మడత ఉండదు, మగ్గం మీద నేసిన అంచే ఉంటుంది. అందుకే పొడుగు తర్వాత సరిచేసుకుందాంలే అంటే కుదరదు, ముందే సరిగ్గా కొలవాలి. మీ తాతయ్య గళ్ళ లుంగీలు నేసేవారు. ఆయన బతికుంటే ఈ అంచు చూసి ఏమనేవారో అనుకుంటూ ఉంటాను. కిల్టు గళ్ళ బట్టని టార్టాన్ అంటారు. టార్టాన్‌లో పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఏ రంగులు ఏ వరుసలో ఉంటే పేకలోనూ, అంటే అడ్డదారాల్లోనూ, అవే, అదే వరుసలో. నేతగాడికి అందులో లెక్క తప్పడానికి వీల్లేదు.

ఇప్పుడు కుచ్చిళ్ళు. నీకు నిజంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. వెనక్కి తిప్పి పట్టుకుని నడుం నుంచి పిరుదుల దాకా కుట్టిన భాగం చూడు. కుచ్చిళ్ళు పాతిక, ముప్పై దాకా ఉంటాయి, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడతాయి. అంత సన్నబరిచినా అడ్డగీతలు ఒక కుచ్చిలి నుంచి పక్క కుచ్చిలికి తెగకుండా సాగాలి. ఒక్కచోట మెట్టులా పైకీ కిందకీ జరిగినా కుట్టినవాళ్ళు తొందరపడ్డారని అర్థం. రెండు పద్ధతులున్నాయి. కుచ్చిళ్ళు పెట్టినా గళ్ళ డిజైన్ చెదరకుండా, బట్ట పరిచినట్టే కనపడేది ఒకటి. ప్రతి కుచ్చిలి నడిమధ్యా ఒకే నిలువు చార వచ్చేది ఇంకొకటి, అది సైన్యం వాళ్ళది. మీ నాన్నకి రెండోది ఇష్టం. నాకు మొదటిదే. అదెంత కష్టమో కుట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

లోపలికి కూడా తిప్పి చూడు, మొహమాటపడకు. కాన్వాసు గుడ్డ వేశారా? కుట్లు చేత్తో వేసినవా, మిషనువా? మిషను కుట్టు తప్పని నేననను, ఇన్నేళ్ళూ జాకెట్లు కుట్టి సంపాదించింది దానిమీదే. కానీ కుచ్చిళ్ళని చేత్తో కుడితే వంపు ఒంటికి తగ్గట్టు వస్తుంది. నడుం దగ్గర తోలు పట్టీలు, బకిల్సు చూడు. ముప్పై ఏళ్ళకి పొట్ట వస్తే వాటిని జరిపి కుట్టుకోవచ్చు. మన వంశంలో వస్తుంది.

కొలతలు ఆన్‌లైన్లో ఇవ్వకు. మనిషి ముందు నిలబడు. ప్యాంటు కన్నా పైకి, బొడ్డు దగ్గర కట్టేది ఇది. అక్కడి నడుం, పిరుదుల చుట్టూ, నడుం నుంచి మోకాటి చిప్ప నడిమి దాకా, ఈ మూడూ కావాలి. టేపు పెట్టినప్పుడు పొట్ట లోపలికి లాక్కోకు. మీ నాన్న రెండోసారి మంచిది కుట్టించుకున్నప్పుడు లాక్కున్నారు, దాంతో మొదటి బకిలు ఇప్పటికీ చివరి కన్నంలోనే.

ఇక గళ్ళ సంగతి. ఫోటో కన్నా ముందే నువ్వు అడిగింది ఇదే, "మనకి క్లాన్ లేదు కదమ్మా, వాళ్ళ టార్టాన్ కట్టుకుంటే తప్పా?" అని. తప్పేం లేదు. కొట్లో వాళ్ళు ఈ గళ్ళు ఈ క్లాన్‌వి, అంటే ఈ వంశానివి, వేల ఏళ్ళవి అని కథలు చెబుతారు. అంత పాతవేం కావు. స్కాట్లండ్ ఉత్తరాన కొండల్లో వాళ్ళ తిరుగుబాటుని అణిచిన కలోడన్ యుద్ధం తర్వాత 1746లో చట్టం తెచ్చి, ఆ హైలాండ్ మగవాళ్ళ బట్టల్ని నిషేధించారు, 1782లో గానీ ఎత్తేయలేదు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వస్తే రచయిత వాల్టర్ స్కాట్ టార్టాన్లతో పెద్ద సంబరం చేయించాడు. ఏ వంశానికి ఏ గళ్ళన్న లెక్క గట్టిగా పట్టుకున్నది ఎక్కువగా ఆ తర్వాతే. రాజకుటుంబానికే ఉంచిన బాల్మోరల్ లాంటివి వదిలెయ్. ఎవరైనా కట్టుకునేవి బోలెడు, ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు కలిసిన బ్లాక్ వాచ్ అందులో ఒకటి. ఊళ్ళకీ టార్టాన్లున్నాయి. నువ్వు పుట్టింది గ్లాస్గోలో. గ్లాస్గో టార్టాన్ కట్టుకుంటే నిన్నెవరు అడుగుతారు? అడిగితే నీ యాసలో నాలుగు మాటలు మాట్లాడు, వాళ్ళే ఊరుకుంటారు. ఒకే గళ్ళకి మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని రంగుల రకాలుంటాయి. ఏన్షెంట్ అంటే పాతదని కాదు, లేత రంగులని. నీ ఒంటి రంగుకి ముదురువే నప్పుతాయి.

డబ్బు మాట. చేత్తో కుట్టిన ఎనిమిది గజాలదానికి 500 నుంచి 800 పౌండ్ల దాకా అవుతుంది. గుండెలు పట్టుకోకు. సెట్టు అద్దెకి తెస్తే ఒక్కో పెళ్ళికి 100 దగ్గర అవుతుంది, నీ ఫ్రెండ్స్ అందరూ ఇప్పుడే పెళ్ళిళ్ళు మొదలుపెట్టారు. ఈసారి కిల్టు ఒక్కటే కొను. కోటు, ముందు వేలాడే స్పోరన్ సంచి, బూట్లు అద్దెకి తెచ్చుకో, తర్వాత ఒక్కొక్కటీ చూద్దాం. మేజోడులో పెట్టుకునే ఆ చిన్న కత్తి కొన్నావా, ఇండియా వెళ్ళేటప్పుడు హ్యాండ్ బ్యాగులో మర్చిపోకు.

ఇప్పుడే ఆర్డరివ్వు. కుట్టడానికి వారాలు పడుతుంది, పెళ్ళి సీజనైతే ఇంకా ఎక్కువ. వచ్చాక మిషన్లో వెయ్యకు, బ్రష్ చేసి ఆరబెట్టు. కూర్చునేటప్పుడు వెనక చెయ్యి పెట్టి కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చో, నేను చీరతో ఎలా కూర్చుంటానో అలా.

కొత్త కిల్టు కుచ్చిళ్ళు కదలకుండా అడ్డంగా తెల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి ఇస్తారు. అవి తీసేశాకే కట్టుకోవాలి. నువ్వు మాత్రం తియ్యకు, బ్లేడు పెట్టి ఉన్ని కోసేస్తావు. డబ్బా అలాగే ఇంటికి తీసుకురా. కళ్ళజోడు పెట్టుకుని నేను తీస్తాను.

అమ్మ