అమ్మ తరఫున అందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ పెద్దకర్మ మొన్న ముగిసింది. వరద తగ్గింది, కరెంటు వచ్చింది, ఫోన్లు మళ్లీ మోగుతున్నాయి. ఇంటింటికీ వచ్చి చెప్పవలసిన మాటను ముందుగా ఇక్కడ రాస్తున్నాను. రావడం మాత్రం మానం. నేను, చెల్లి, తమ్ముళ్లిద్దరూ వరుసగా అందరి గడపలూ తొక్కుతాం.

గోదావరి జిల్లాల వాళ్లకు వివరించనక్కరలేదు గానీ, దూరాన ఉండి రాలేకపోయిన బంధువుల కోసం కొంచెం చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మాది వశిష్ఠ పాయలో లంక ఊరు. మొదటి హెచ్చరిక వచ్చేసరికే మా కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటాయి. అమ్మ పాలకొల్లు ఆసుపత్రిలో కన్నుమూసిన నాటికి రెండో హెచ్చరిక కూడా దాటింది. చివరి రెండు రాత్రులూ ఆమెను సొంత మనిషిలా చూసుకున్న నర్సులకు మా నమస్కారాలు.

అంబులెన్సు రేవు దాకానే వచ్చింది. అక్కడ ఒక మర పడవ ఆయన బేరం మొదలుపెట్టాడు. అడిగిన మొత్తం ఇక్కడ రాస్తే ఆయనకే చిన్నతనం, వదిలేస్తాను. ఆ మాట మా ఊరి వలల బాబాయిల చెవిన పడింది. అరగంటలో రెండు నాటు పడవలు పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి, మీద బల్లలు పరిచారు. ఏరంతా గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకొస్తోంది. ముందు కూర్చున్న కుర్రవాడు వెదురు గెడతో ఒక్కొక్క దిబ్బనూ పక్కకు నెడుతూ ఉంటే వెనక నలుగురు తెడ్లు వేశారు. ఆ వానలో పెద్ద బాబాయి తాను నిలువునా తడుస్తూ, తన గొడుగును అమ్మ ముఖం మీద అవతలి ఒడ్డు దాకా పట్టుకుని కూర్చున్నాడు. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు. ఆ కోపం నాకు బాగా తెలుసు, అచ్చంగా మా అమ్మదే.

ఊళ్లో కరెంటు లేదు. వరద రోజుల్లో తీసేస్తారు, తప్పదు. తమ్ముళ్లు వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టె నడవాలి. అడగకుండానే చర్చి వాళ్లు తమ జనరేటరును తోపుడు బండి మీద పంపారు, డీజిలుతో సహా. శ్మశానం మీద నిలువెత్తు నీళ్లున్నాయి. ఏం చేయాలో తోచక మగవాళ్లు అరుగు మీద తలలు పట్టుకుని కూర్చుంటే, మా తూర్పు వైపు తోట మావయ్య వచ్చి తన కొబ్బరితోటలో మెరక ఉంది, అక్కడ కానిద్దాం అన్నారు. సొంత తోటలో, అదీ కాపు మీద ఉన్న తోటలో, చితి పేర్చనివ్వడం అంటే ఏమిటో మన వైపు వాళ్లకు తెలుసు. ఆయన తల్లిగారు ఎనభై దాటిన మనిషి, "ఆవిడకు ఇవ్వని చోటు ఇంకెవరికిరా" అన్నారట. ఊరంతా గాలించినా పొడి కట్టె దొరకలేదు. వెనక వీధి అన్నయ్య తన పశువుల సావిడి విప్పి దూలాలు, వాసాలు మోయించాడు. ఆయన గేదెలు ఇప్పటికీ టార్పాలిన్ కింద ఉన్నాయి. కొత్త సావిడి పని మా తమ్ముళ్లు మొదలుపెట్టిస్తున్నారు. అన్నయ్య వద్దనకుండా ఉంటే చాలు.

విచిత్రం ఏమిటంటే, ఈ పది పన్నెండు రోజుల్లో నేను ఎవరికి చేతులు జోడించబోయినా వాళ్లు ఆపి, తిరిగి నాకే ఒక సంగతి చెప్పారు. అందులో సగం మాకు తెలియవు.

1986 వరద సంగతి తెలుసు. ఆ ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అప్పటికి నాకు పదేళ్లు. ఊళ్లో డాబాలు నాలుగో అయిదో, మాది ఇంకా పిట్టగోడ లేనిది. దాని మీదికి మనుషులు, మేకలు, కోళ్ల గంపలు అన్నీ ఎక్కాయి. అమ్మ ఇటుకలు పెట్టి పొయ్యి చేసి, కొబ్బరి డొక్కలతో మంట వేసి, గుండిగతో గంజి కాచింది. ముందు పిల్లలు, తరవాత గర్భిణులు, తరవాత ముసలివాళ్లు, చిట్టచివర మగవాళ్లు. వరస తప్పి గిన్నె చాచిన మగవాడికి ఆమె వడ్డించిన తిట్లు ఊళ్లో ఈనాటికీ చెప్పుకుంటారు. మాకు తెలియని భాగం ఇప్పుడు తెలిసింది. ఆ డాబా మీదే ఒక పురుడు పోసిందట అమ్మ. ఆ బిడ్డే ఈ వేళ వెదురు గెడ పట్టుకున్న కుర్రవాడి తండ్రి.

సంతాప సభలో ఒక పెద్దాయన అమ్మను డొక్కా సీతమ్మగారితో పోల్చారు. ఆయన అభిమానానికి దండం. కానీ లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు వచ్చినా విస్తరి వేసిన ఆ తల్లి (1841–1909) ఎక్కడ, ముందు తిట్టి తరవాత పెట్టే మా అమ్మ ఎక్కడ? ఈ మాట వింటే అమ్మే ముందు నవ్వేది.

అమ్మను నేను తలచుకునేది అన్నం గిన్నెతో కాదు, త్రాసుతో. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమనూ మా లంకలనూ ఊడ్చేసింది. తెల్లవారి చూస్తే తోటలు తోటలే నేల మీద ఉన్నాయి. కొబ్బరి మళ్లీ నాటి కాపుకు రావాలంటే ఏళ్లు. ఆ ఏళ్లలో చాలా ఇళ్లను నడిపింది ఆడవాళ్ల లేసు అల్లకమే. నరసాపురం లేసు అని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పట్లో ఆ పని ఎలా సాగేదో అల్లిన వాళ్లకే తెలుసు. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన లేసు తూచి తీసుకుంటాడు. త్రాసు అతనిది, తూకం రాళ్లు అతనివి, తరుగు లెక్క అతనిది. తరుగు పేరుతో కూలి కోసేవాడు. అమ్మ కొన్నాళ్లు చూసింది. ఒక సంతరోజు నరసాపురం వెళ్లి, చిన్న ఇత్తడి త్రాసు, ముద్ర ఉన్న తూకం రాళ్లు కొని తెచ్చి మా అరుగు మీద దూలానికి వేలాడదీసింది. అంతే. గొడవ పడలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. దారం తీసుకున్న ప్రతి ఆడమనిషీ ముందు మా అరుగెక్కి తూయించుకుని, బొగ్గుతో గోడ మీద గుర్తు పెట్టుకుని ఇంటికి వెళ్లేది. ఇచ్చేటప్పుడు మళ్లీ తూకం. ఏజెంటు లెక్క నెల తిరగకుండా సరిపోయింది. గోడకు సున్నం వేయాలంటే మాత్రం అమ్మ చచ్చినా ఒప్పుకొనేది కాదు.

ఆమె ఎడమ చూపుడువేలి మీద దారం కోసిన గాడి ఒకటి ఉండేది. సన్నగా, నల్లగా, వేలికి పుట్టుకతో వచ్చిన గీతలా. కళ్లు మసకేశాక కూడా పువ్వు, ఆకు, గొలుసు వేళ్లతో తడిమి అల్లేది. ఊళ్లో నలభై దాటిన ఆడవాళ్లలో ఆమె దగ్గర కొక్కెం సూది పట్టనివాళ్లు తక్కువ. కర్మ రోజు వాళ్లే వంటలోకి దిగారు. కంద బచ్చలి, పనసపొట్టు, లంక వంకాయ కూర, బూరెలు, ఒక్క వంటవాణ్ణి పిలిచే పని లేకపోయింది.

మనవళ్ల సంగతి రాయకపోతే పిల్లలు ఊరుకోరు. హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఈత నేర్పింది అమ్మే. రెండు ఎండు కొబ్బరికాయలను పీచుతో సహా తాడుతో జతకట్టి, ఆ తాడు పొట్ట కింద వచ్చేలా పడుకోబెట్టి కాలువలోకి వదిలేది. తాను మెట్ల మీద కూర్చుని లేసు అల్లుకుంటూనే, ఎవరి కాళ్లు ఆడడం లేదో కేక వేసేది. మా పెద్దమ్మాయి ఇప్పుడు తన కొడుకుకు అపార్టుమెంటు ఈతకొలనులో అదే పద్ధతి మొదలుపెడితే కాపలావాడు ఒప్పుకోలేదట.

ఇంకా పేరు పేరునా చెప్పవలసినవాళ్లు చాలామంది. నీళ్లలో నడిచి మందులు చేర్చిన ఆశా కార్యకర్త, తన ఇంట్లో మా చుట్టాలకు మంచాలు వేసి తాను బడి వరండాలో పడుకున్న మాస్టారు, పాలు తగ్గకుండా పోసిన పిన్ని, రాకపోయినా రోజూ ఫోను చేసి తమ్ముణ్ణి తినమన్న స్నేహితులు. ఎవరినైనా మరిచి ఉంటే అది వయసు పని, మనసు పని కాదు.

త్రాసును ఇంట్లో దాచుకోవడం మాకు ఇష్టం లేదు. లేసు అల్లే ఆడవాళ్లు రోజూ కూడే డ్వాక్రా గదిలో దాన్ని వేలాడదీస్తాం. బొగ్గు గుర్తుల గోడకు కూడా సున్నం వేయబోవడం లేదు.

చివరిగా ఒక పని మాట. వంటలకు తెచ్చిన సామానులో పెద్ద ఇత్తడి గుండిగ ఒకటి, మూత లేనిది, రెండు స్టీలు బకెట్లు, పిడికి నీలం గుడ్డ చుట్టిన గరిటె, ఒక కొబ్బరి కోరాం మా అరుగు మీద మిగిలిపోయాయి. ఎవరివో చెప్పి తీసుకువెళ్లండి. మాసికం దాకా మా చెల్లి ఇంట్లోనే ఉంటుంది. వచ్చినవాళ్లు భోజనం చేసి వెళ్లాలి.