వాడు బద్ధకస్తుడు కాదురా

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పాపకు జలుబు మళ్ళీ ఛాతీలోకి దిగిందని చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. ఎందుకిలా మాటిమాటికీ అని అడిగావు కదా. మా వాడి ఫిజియోథెరపిస్టు దగ్గర నాకు అర్థమైంది చెబుతాను.

మా వాడిలా, పాపలా డౌన్ సిండ్రోమ్‌తో, అంటే ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండి పుట్టిన పిల్లలకు కాళ్ళూ చేతులూ వదులుగా ఉండటం మన కంటికి కనబడుతుంది. పక్కటెముకల మధ్య కండరాలూ, పొట్ట కండరాలూ అలాగే ఉంటాయని మనకు తట్టదు. వాటిలో బలం లేకపోతే ఊపిరి నిండా లోపలికి వెళ్ళదు, దగ్గు గట్టిగా రాదు, కఫం లోపలే ఉండిపోతుంది. పైగా శ్వాసనాళాలు కూడా కాస్త సన్నం.

ఇంకో సంగతి తెలిశాక ఏడ్చేశానురా. పరిగెత్తేటప్పుడు వీళ్ళ గుండె వేగం మిగతా పిల్లలకు పెరిగినంతగా పెరగదట. నాలుగు అడుగులకే కూర్చుండిపోతున్నాడని వాడిని ఎన్నిసార్లు కసిరానో! ఇప్పుడు కాసేపు నడక, కాసేపు విశ్రాంతి, మళ్ళీ నడక. వాడు ఆగితే నేనూ ఆగుతాను.

ఊపిరి వ్యాయామం అంటే వాడు దగ్గరికి రాడు. సబ్బు బుడగలంటే పరిగెత్తుకొస్తాడు. బల్లమీద దూది ఉండ పెట్టి ఎవరు దూరం ఊదితే వాళ్ళు గెలిచినట్టు. ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం, స్పైరోమీటర్ అని ఉంటుంది చూడు, దాన్ని ఊదకూడదు, పీల్చాలి. మా వాడు చాలా రోజులు ఊదుతూనే ఉన్నాడు, బంతి కదలక ఏడ్చేవాడు. నువ్వు ముందే చూసుకో.

ఊపిరితిత్తుల పరీక్షలో అంకె తక్కువొచ్చిందని బెంగపెట్టుకోకు. నిండా పీల్చి, ఒక్క ఊపున ఊది, ఊపిరంతా అయ్యేదాకా ఆపకూడదు. పెద్దవాళ్ళకే కష్టం అది. మా వాడు మొదటిసారి కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదేసి నవ్వాడు. తర్వాత అంకె పెరిగింది. అందులో కండరాల బలం ఎంతో, ఊదడం నేర్చుకున్నది ఎంతో విడదీయలేమని ఫిజియోథెరపిస్టు నిజాయితీగా చెప్పారు. అయినా దగ్గితే కఫం బయటికొస్తోంది. నాకు ఆ అంకెకన్నా అదే ముఖ్యం.

ఏదైనా మొదలుపెట్టే ముందు గుండె డాక్టర్ని అడుగు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. మెడ సంగతి అసలు మర్చిపోకు. పై రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉండొచ్చు, అందుకే పల్టీలు, ట్రాంపొలిన్ మీద గెంతడం, నీళ్ళలోకి తలకిందులుగా దూకడం వద్దు. మెడ నొప్పి అన్నా, నడక మారినా, ఉన్నట్టుండి పక్క తడుపుతున్నా అన్నీ ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. గురక లేకపోయినా సరే, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే నిద్ర పరీక్ష 4 ఏళ్ళలోపే చేయించాలంటారు. పాపకు ఇంకా చేయించలేదుగా, ఈసారి వెళ్ళినప్పుడు అడుగు.

జ్వరం పూర్తిగా తగ్గేదాకా ఏమీ చేయించకు. తగ్గాక దూది ఉండతో మొదలుపెట్టు. ఎంత దూరం ఊదిందో రాస్తే మా వాడికి చదివి వినిపిస్తాను.

నీ
నేను